కాదు అన్న పిల్ల

మొదటిసారి వెళ్ళినప్పుడు పరుపులావిడ సిరాబుడ్డి అనే అమ్మాయిని తన దుకాణం గడప కూడా తొక్కనివ్వలేదు.

"ఎవరు పంపారే నిన్ను?" అంది, చేతిలో ఉన్న జానెడు సూది దించకుండానే.

"మా కాలేజీ చరిత్ర మేడమ్ పంపారు పిన్నిగారూ. మేం పధ్నాలుగు మందిమి కలిసి ఒక పుస్తకం రాస్తున్నాం. ఊచకోతప్పుడు చిన్నపిల్లలుగా ఉండి బతికి బయటపడ్డవాళ్ళ గురించి. ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్కర్ని ఇచ్చారు. నాకు మీరు..."

"వంతుకొచ్చానా?"

"అది కాదు పిన్నిగారూ..."

"పిన్నేంటి పిన్ని! మీ బాబాయిని నేనేమైనా కట్టుకున్నానా? దీనికి మార్కులెన్ని?"

సిరాబుడ్డికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నలభై."

"మావాళ్ళు చచ్చింది నీ నలభై మార్కుల కోసమా? పో ఇక్కణ్ణుంచి."

ఆ అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. ఇంకు పెన్నుతోనే రాస్తానని మొండిపట్టు పట్టి, ఎప్పుడు చూసినా వేళ్ళకి మరకలతో తిరుగుతుందని క్లాసులో ఆ పేరు పెట్టారు. ఇంట్లోవాళ్ళకీ అదే అలవాటైపోయింది.

నలభై ఒక్కేళ్ళ కిందట ఆ ఊళ్ళో పందొమ్మిది రోజులపాటు, గుర్తింపు కార్డు మీద ఫలానా జాతి అని రాసి ఉన్న ప్రతివాణ్ణీ వెతికి వెతికి చంపారు. పాఠ్యపుస్తకంలో దానికి ఒకటిన్నర వాక్యం కేటాయించారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఊచకోత అనరు, "ఆ గొడవలు" అంటారు. చంపినవాళ్ళూ, చూస్తూ ఊరుకున్నవాళ్ళూ, మిగిలినవాళ్ళూ ఇప్పుడు ఒకే వీధుల్లో కాపురాలు చేస్తున్నారు.

"పోయినవాళ్ళు పోయారు," అన్నాడు తపాలా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే సిరాబుడ్డి తండ్రి. "ఉన్నవాళ్ళం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ బతకాలి. మీ మేడమ్‌కేం, వేరే ఊరినుంచి వచ్చింది, రేపు బదిలీ అయి పోతుంది. ఇక్కడ ఉండాల్సింది మనం."

మేడమ్‌కి చెప్పి ఇంకొకర్ని తీసుకోవచ్చు. కానీ ఎవరైనా పొమ్మంటే సిరాబుడ్డికి అక్కడే పాతుకుపోవాలనిపిస్తుంది. రెండోసారి వెళ్ళింది. మూడోసారీ వెళ్ళింది. పరుపులావిడ దుకాణానికి ఎదురుగా ఇనుప సామాన్ల కొట్టు ఉంది. దాని యజమాని ఆ వీధి వర్తక సంఘానికి అధ్యక్షుడు. తెల్లటి చొక్కా వేసుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మూడోసారి ఆయన పిలిచాడు.

"ఏం తల్లీ, పాత పుళ్ళు కెలకడం కూడా చదువేనా ఈ కాలంలో?"

ఆ మాట అవతలికి వినపడింది. అంతవరకూ వీపు తిప్పి కూర్చున్న పరుపులావిడ లేచి వచ్చి సిరాబుడ్డి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "కూర్చో. నోరు మూసుకుని దూది ఏకు."

దుకాణం అంటే ఒక్కటే గది. ఓ పక్క విప్పదీసిన పాత పరుపుల్లోంచి వచ్చిన, గట్టిపడిన దూది గుట్ట. ఇంకో పక్క చారల గుడ్డ తానులు. ముందు వైపంతా అద్దాల తలుపు. మూడు వారాలపాటు సిరాబుడ్డి కాలేజీ అయ్యాక వచ్చి దూది ఉండల్ని వేళ్ళతో విడదీసేది. ముక్కుల్లోకి దుమ్ము పోయి తుమ్ములే తుమ్ములు. ఏమైనా అడగబోతే ఆవిడ దూదిని వదిలేసి అమ్మాయిని ఏకేది. "ఆ వేళ్ళేంటే, బొగ్గుల కొట్లో పుట్టావా? నా దూదంతా నీలం చేశావు!"

నాలుగో వారం, గుడ్డ మీద సుద్దతో గీతలు గీసుకుంటూ, తలెత్తకుండా ఆవిడే మొదలుపెట్టింది. ఎందుకని సిరాబుడ్డి అడగలేదు. అడిగితే ఆపేస్తుందని భయం.

"నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాన్నని మొదటి రోజే తీసుకుపోయారు. ఆరో రోజు పొద్దున్న అమ్మ నన్ను లేపి, పరుపులు కోసే కత్తెరతో నా జడ మెడ దాకా కత్తిరించేసింది. ఊరు వదిలి పోతున్నాం, దారిలో ఎన్నాళ్ళు పడుతుందో, పేలు పడతాయి అంది. ఊళ్ళో అంత జడ ఇంకెవరికీ లేదు. ఏడ్చాను. వీపు మీద ఒకటిచ్చింది. ఇంక అమ్మతో మాట్లాడను అనుకున్నాను. వంతెన దాకా ఆవిడ ముందు, నేను పదడుగుల వెనకాల.

"వంతెన దగ్గర కార్డులు చూస్తున్నారు. అమ్మ కార్డు చూసి పక్కకి లాగారు. ఒకడు నావైపు చెయ్యి చూపించి అడిగాడు. పాపా, ఈవిడ మీ అమ్మా? అని."

ఆవిడ సుద్దముక్క కింద పెట్టింది.

"కాదన్నాను. ఈవిడెవరో నాకు తెలీదన్నాను. అలా చెప్పమని నాకెవరూ నేర్పలేదు. బతకాలనీ కాదు. నా జడ కత్తిరించిందిగా, దాని మీద కచ్చ. వరసలో నా వెనకున్న గుడ్లు అమ్మే ముసలమ్మ నా రెక్క పట్టుకుని, ఇది నా మనవరాలు బాబూ, వట్టి పెంకి ఘటం అంటూ లాక్కుపోయింది. వంతెన దాటాక నాకు కోపం దిగింది. అప్పటికి అయిపోయింది."

ఆ సాయంత్రం సిరాబుడ్డి ఇంటికెళ్ళి ఒక్క బిగిన తొమ్మిది పేజీలు రాసింది. "తెలీదన్నాను" దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది. ఆ పిల్లని అలా నడివంతెన మీద నిలబెట్టేసి పోవడానికి మనసొప్పలేదు. చాలాసేపు కూర్చుని ఒక వాక్యం చేర్చింది: "కాదని చెప్పు, బతుకు తల్లీ అని అమ్మ కళ్ళతోనే చెప్పింది, కన్నీళ్ళు దిగమింగుకుని నేను కాదన్నాను."

చరిత్ర మేడమ్ ఆ వాక్యం కింద రెండు గీతలు గీసింది. "పుస్తకం మొత్తానికి ప్రాణం ఇదేనమ్మా," అంది. మూడు వందల ప్రతులు అచ్చయి వచ్చాయి.

మొదటి ప్రతి పట్టుకుని సిరాబుడ్డి పరుగున దుకాణానికి వెళ్ళింది. పరుపులావిడ కళ్ళజోడు పెట్టుకుని, వరస కింద వేలు పెట్టుకుంటూ చదివింది. ఒక చోట వేలు ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి అక్కడికే వచ్చి ఆగింది.

"ఇదెవరు చెప్పారే నీకు?"

"అంటే... అమ్మ కదండీ, అలాగే అనుకుని ఉంటారని..."

"మా అమ్మ మొహం నేను చూడలేదే! కోపంతో తల తిప్పుకుని ఉన్నాను. నా మాట విని ఆవిడ మొహం ఎలా అయిందో నలభై ఒక్కేళ్ళనుంచీ నాకు తెలీదు. ఏడ్చిందా, హమ్మయ్య అనుకుందా, నన్ను తిట్టుకుందా? నాకు తెలీనిది నీకెలా తెలిసింది? నీ వయసెంత? నువ్వెక్కడున్నావప్పుడు?"

"మిమ్మల్ని చూస్తే బాధేసి..."

"నీ బాధ నీ ఇంట్లో పెట్టుకో! వాళ్ళు మా అమ్మని తీసుకుపోయారు. నాకు మిగిలింది ఆ ఒక్క మాట. అది కూడా కడిగేసి, ముగ్గులేసి పెట్టావా? పో. నా గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతాను."

పుస్తకం వచ్చి వీధిలో పడింది. ఇనుప కొట్టు పెద్దాయన కుర్చీలోంచి అంతా చూశాడు.

మర్నాడు సిరాబుడ్డి మేడమ్ ముందు నిలబడి, ఆ వాక్యం తను కల్పించిందని ఒప్పుకుంది. మేడమ్ మొహం మాడిపోయింది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు? ఎల్లుండే పుస్తకావిష్కరణ సభ!"

"ఆ కాగితం మారుద్దాం మేడమ్."

"మార్చి? తల్లినే కాదంది అని రాస్తావా? అవతలివాళ్ళ చేతికి మనమే రాయి అందిస్తామా? ఆవిడ పరువేం కావాలి?"

"ఆవిడ పరువు గురించి ఆవిడకి లేని దిగులు మనకెందుకండీ? నేను అబద్ధం రాశాను. ఒక్కటి అబద్ధమని తేలితే మిగతా పదమూడూ ఎవరు నమ్ముతారు?"

"మరి ఆ మాట రాసేటప్పుడు తోచలేదా?" అని మేడమ్ విసురుగా లేచి వెళ్ళిపోయింది.

సిరాబుడ్డి ఆ పేజీ మళ్ళీ రాసి టైపు చేయించి, మూడు వందల జిరాక్సులు తీయించింది. ఖాళీ తరగతి గదిలో కూర్చుని, ఒక్కో పుస్తకంలో పాత కాగితాన్ని బ్లేడుతో కోసి కొత్తది అంటించడం మొదలుపెట్టింది. తోటివాళ్ళు తొంగిచూసి, తమకెందుకొచ్చిన గొడవని జారుకున్నారు. అరవయ్యో పుస్తకం దగ్గర మేడమ్ వచ్చింది. ఎదురుగా కూర్చుని ఇంకో బ్లేడు తీసుకుంది. ఇద్దరూ చీకటి పడేలోపు పని ముగించారు.

సభకి నూట యాభై మంది దాకా వచ్చారు. సిరాబుడ్డి వంతు వచ్చింది. మార్చిన పేజీ చదవడం మొదలుపెట్టింది. "ఈవిడెవరో నాకు తెలీదన్నాను. జడ కత్తిరించిందని కచ్చ" అనగానే హాల్లో గుసగుసలు లేచాయి.

మొదటి వరసలోంచి ఇనుప కొట్టు పెద్దాయన లేచాడు. "విన్నారుగా! కన్నతల్లినే ఎరగనన్న మనిషి మాట పట్టుకుని మన ఊరి పరువు బజారుకీడుస్తున్నారు. రేపు ఇంకెవర్ని ఏమంటుందో!"

కొందరు చప్పట్లు కొట్టారు. వేదిక మీద సిరాబుడ్డి పుస్తకం దించింది. నా వల్లే అనుకుంది.

వెనక, తలుపు దగ్గర నిలబడి ఉంది పరుపులావిడ. ఆవిడని ఎవరూ పిలవలేదు. చీర కొంగుకి దూది అంటుకునే ఉంది. అక్కడినుంచే మాట్లాడింది.

"అన్నాను. తెలీదన్నాను. అడిగింది నువ్వే కదయ్యా."

ఆయన వెనక్కి తిరిగాడు.

"అప్పటికి నీకు మీసం కూడా సరిగ్గా మొలవలేదు. మీ గుంపువాళ్ళందరిలా మోచేతికి పసుపు గుడ్డ కట్టుకున్నావు. పాపా అని ముద్దుగానే పిలిచావు. నేనన్నది నేను ఒప్పుకున్నాను. పుస్తకంలోనూ వేసుకున్నారు. ఆ తర్వాత మా అమ్మని వంతెన కిందికి తీసుకెళ్ళి ఏం చేశావో నువ్వు చెప్పు. ఈ అమ్మాయి రాసుకుంటుంది."

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళోకి చేరాయి. పెద్దాయన "అబద్ధం... పిచ్చిదానికి..." అని ఏదో అన్నాడు. తర్వాత కండువా సర్దుకుని బయటికి నడిచాడు. ఆవిడ తలుపు దగ్గరనుంచి జరగలేదు. ఆయనే ఒదిగి దాటాల్సి వచ్చింది.

ఆయన మీద ఎవరూ కేసు పెట్టలేదు. అధ్యక్ష పదవి కూడా పోలేదు. మూడో రోజు తెల్లారేసరికి పరుపుల దుకాణం అద్దాల తలుపు మాత్రం బద్దలై ఉంది.

"అటు వెళ్ళావంటే మర్యాదగా ఉండదు," అన్నాడు సిరాబుడ్డి తండ్రి. ఆ అమ్మాయి చెప్పులేసుకుని వెళ్ళింది.

పరుపులావిడ నేల మీద గొంతుక్కూర్చుని ఉంది. గాజు పెంకులు దూది గుట్ట మీదంతా పడ్డాయి. "పుస్తకం అయిపోయిందిగా, ఇంకేం కావాలి?" అంది, తల తిప్పకుండా.

"ఏం వద్దు," అంది సిరాబుడ్డి. కూర్చుని పెంకులు ఏరడం మొదలుపెట్టింది. ఆవిడ పొమ్మనలేదు. కూర్చోమనీ అనలేదు.

కాసేపటికి ఒకామె వచ్చి, కూతురి పురిటికని చెప్పిన పరుపు ఇప్పుడు అక్కర్లేదంది. వెళ్తూ వెళ్తూ ఎదుటి కొట్టువైపు భయంగా చూసుకుంది.

"సరేనమ్మా. నీ ఇష్టం," అంది పరుపులావిడ. ఆమె సందు తిరిగాక సిరాబుడ్డిని అడిగింది. "నీ క్లాసు ఎన్నింటికి?"

"పదకొండింటికి."

"ఇంకా గంట ఉంది. ఆ మూల దూదిలో సన్నవి ఉన్నాయి. కళ్ళు పెట్టి చూడు. ఒక్కటి మిగిలినా ఎవరి పిల్లకో గుచ్చుకుంటుంది."