నాలుగో భాగం దిగడం లేదు

"డౌన్‌లోడ్ వేగం, సెకనుకు మూడు కేబీ," అంది కంప్యూటర్. ఆసియా కాసేపాగి మళ్ళీ అదే మీట నొక్కింది. "సెకనుకు సున్నా," అంది ఈసారి, అదే ఎత్తుపల్లాల్లేని గొంతుతో.

ఫోన్ మోగింది. నరసరావుపేట ఆదిత్య.

"ఆసియా, సారీ. బ్యాంకువాళ్ళు ట్రైనింగుకి హైదరాబాద్ రమ్మన్నారు. సిస్టం కట్టేసి బయల్దేరుతున్నా. అక్కడ హాస్టల్లో నెట్ ఎట్టుంటదో తెలవదు."

"నాలుగో భాగం ఇంకా అరవై శాతం దగ్గరే ఉంది."

"తెలుసు. నాది కూడా అక్కడే ఆగింది. ఇక నీ పోర్టు తెరిపించుకోవడం తప్ప వేరే దారి లేదు."

ఆసియాకు ఇంటర్ రెండో ఏడాదిలో చూపు పోయింది. కంటి వెనక పొర ఊడిందన్నారు. గుంటూరులో ఆపరేషన్లు చేయిస్తే పగలో రాత్రో తెలిసేటంత వెలుగు మాత్రం మిగిలింది. ఆ తర్వాత ఆమె తెరమీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం నేర్చుకుంది, ఇంట్లో కూర్చునే డిగ్రీ పూర్తి చేసింది, ఇప్పుడు గ్రూప్ టూకి తయారవుతోంది. చదువంటే ఆమెకు వినడమే. తనలాంటి అభ్యర్థులు కొందరు ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. సాగర్ డ్యాం దగ్గర విజయపురి సౌత్‌లో ఉండే రాఘవమ్మ అనే రిటైర్డ్ టీచరు వాళ్ళకోసం చరిత్ర పుస్తకమంతా పైకి చదివి, నాలుగు భాగాలుగా రికార్డు చేసింది. ఎవరికీ సొంత సర్వర్ లేదు కాబట్టి వాటిని టొరెంట్ పద్ధతిలో పంచుకునేవాళ్ళు. ఒకరి కంప్యూటర్లోంచి ఇంకొకరి కంప్యూటర్లోకి ఫైలు ముక్కలుగా దిగుతుంది. కరెంటు పోయినా ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలవుతుంది.

చిక్కల్లా ఒకటే. ఇచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళు ఇద్దరిలో ఒకరి పోర్టయినా, అంటే కంప్యూటర్లోకి వచ్చే దారయినా, బయటివాళ్ళకు తెరిచి ఉండాలి. ఇద్దరివీ మూసుకుని ఉంటే ఒకరినొకరు పిలవలేరు. రాఘవమ్మది మూసుంది, ఆసియాది మూసుంది. ఇన్నాళ్ళూ తెరిచి ఉన్నది ఆదిత్య ఒక్కడిదే. రాఘవమ్మ దగ్గర నుంచి అతనికీ, అతని దగ్గర నుంచి మిగతావాళ్ళకూ పాఠాలు నెమ్మదిగా దిగుతుండేవి. ఇప్పుడు అదీ పోయింది. పరీక్ష నెల కూడా లేదు.

ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కోటికి ఫోన్ చేస్తే, "రౌటర్ ఒకసారి కట్టేసి వెయ్యి చెల్లెమ్మా," అన్నాడు ఎప్పట్లాగే. ఆమె అప్పటికే రెండుసార్లు అలా చేసింది. చివరికి తనే రౌటర్ సెట్టింగుల్లోకి పోయి పోర్టు తెరవాలనుకుంది. పేరు కొట్టింది, పాస్‌వర్డ్ కొట్టింది. ఆ కిందకు వచ్చేసరికి కంప్యూటర్ "బొమ్మ" అని ఊరుకుంది. బొమ్మలో ఉన్న అక్షరాలు చూసి కొడితేగాని లోపలికి రానివ్వదు. ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పినా "బొమ్మ" అనే మాట తప్ప ఇంకేమీ వినిపించలేదు.

మధ్యాహ్నం అన్న అక్రం అన్నానికి వచ్చాడు. బస్టాండు దగ్గర అతనికి మెకానిక్ షెడ్డుంది. ఇంట్లోకి రాగానే గ్రీజు వాసన వస్తుంది.

"భాయ్, ఇందులో అక్షరాలుంటయ్ చూడు. ఏమున్నయ్యో చెప్పు."

"వంకరటింకరగా గీకాడెవడో. జీ... ఏడు... ఎమ్ములాగుంది."

తప్పంది కంప్యూటర్. ఇంకో బొమ్మ వచ్చింది. అదీ తప్పే. మూడోదీ పోయాక కాసేపు ఆగి రమ్మంది.

"నాకు పనుంది తల్లీ, షెడ్డులో బండి విప్పి పెట్టి వచ్చా," అన్నాడు అక్రం. అన్నాడే గాని పోలేదు. అన్నం తిన్నంతసేపూ ఆగి, మళ్ళీ వచ్చి పక్కన కూర్చుని, ఈసారి ఒక్కో అక్షరం నిదానంగా చెప్పాడు. లోపలికి రానిచ్చింది. మిగతాదంతా ఆసియా మీటలమీదే వెతుక్కుంటూ చేసుకుంది. తన కంప్యూటర్ ఏదో, ఏ నంబరు పోర్టు తెరవాలో రాసి, సేవ్ చేసి, పోర్టు పరీక్షించే వెబ్‌సైట్‌కి పోయింది.

"పోర్టు మూసి ఉంది," అంది కంప్యూటర్.

"పోర్టు తెరవడమేంది అసలు?" అన్నాడు అక్రం లేచి నిలబడి. "బయటోళ్ళు మనింట్లోకొచ్చే దారా?"

"ఆ ఒక్క ప్రోగ్రాం కోసమే భాయ్. అది కట్టేస్తే ఆ దారిలో ఎవరూ ఉండరు."

"ఏమో. నాకైతే నచ్చలా," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆసియా మొదటిసారి రాఘవమ్మకు ఫోన్ చేసింది. నెలల తరబడి విన్న గొంతు అది. గట్టిగా, తీరుబడిగా, రాజుల పేర్లు వచ్చినచోట కాస్త ఆగి, కూర్చోబెట్టి చెప్పినట్టుండే గొంతు. వంటింట్లో ఉన్న తల్లి జైనాబ్ బీకి కూడా వినపడనీ అని స్పీకరు పెట్టింది.

"ఎవరూ?" అని అటునుంచి బొంగురుగా, గుసగుసలాగా వినిపించింది.

"రాఘవమ్మ గారున్నారా అండీ?"

"నేనేనమ్మా."

ఆసియా నంబరు తప్పు కొట్టాననుకుంది.

"నేనే," అంది మళ్ళీ ఆ గుసగుస. "థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు పడిపోయింది. ఇక ఇంతేనంటున్నారు. నువ్వెవరమ్మా?"

ఆసియా తన పేరు చెప్పింది. నాలుగో భాగం ఆగిపోయిన సంగతి చెప్పింది. అవతల పోర్టు తెరిచే వీలేమైనా ఉందేమో కనుక్కుంది. రాఘవమ్మ ఇంట్లో వేరే కనెక్షనేదీ లేదు. ఫోన్ నుంచే కంప్యూటర్‌కు నెట్ పెట్టుకుంటుంది. అక్కడ తెరవడానికి ఏమీ లేదు.

"పోనీ ఆ మిగతాది ఫోన్లో చదివి చెబుదునా అంటే, నా గొంతు నాకే వినపడటం లేదు," అంది. "ఒక పని చెయ్యి అమ్మాయ్. పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చెయ్యి. ఐదు నిమిషాల్లో ఎక్కించేస్తా. ఇరిగేషన్ క్వార్టర్లలో టీచరమ్మ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. నిన్ను చూసినట్టు కూడా ఉంటుంది."

ఫోన్ పెట్టేశాక ఆసియా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "అమ్మీ, రేపు నేను సాగర్ పోయొస్తా. మాచర్లలో బస్సు మారితే చాలు."

"పోబోకు," అంది జైనాబ్ బీ.

"నువ్వూ రా."

"తొక్కిడి బస్సులు, ఎక్కేటోళ్ళు దిగేటోళ్ళు. నాకు నిన్ను పట్టుకోవడం చేతగాదు. వద్దంటే వద్దు."

అంతకుముందు ఏడాది ఆసియా కర్ర పట్టుకుని ఒక్కతే సెంటరుదాకా పోతే, వెనక్కి వస్తున్న ట్రాక్టరు ట్రక్కు తగిలి తల పగిలింది. జుట్టు కింద ఆ కుట్లు ఇంకా చేతికి తగులుతాయి. ఆ రోజు నుంచి తల్లి ఎక్కడికి పోయినా గేటుకు బయట తాళం వేసి పోతుంది. తాళంచెవులు రెండే. ఒకటి తల్లి కొంగున, ఒకటి అక్రం జేబులో.

మర్నాడు పొద్దున్నే జైనాబ్ బీ వంట చేసి గిన్నెలు వరసగా పెట్టి, దేంట్లో ఏముందో చెప్పింది. "మాచర్లలో జాన్‌బీ పిన్నికి బాగలేదంట, చూసొస్తా," అని బయల్దేరింది. అక్రం ఎవరిదో లారీ ఆగిపోయిందని తెల్లారకముందే పిడుగురాళ్ళ వైపు పోయాడు. గేటు మూసిన చప్పుడు, తాళం పడిన చప్పుడు, ఆ వెనక తల్లి చెప్పుల చప్పుడు దూరమవడం ఆసియా వింది.

కంప్యూటర్ ముందు కూర్చుంది. సున్నా. మొదటి మూడు భాగాలు మళ్ళీ వినాలనుకుంది గాని మనసు నిలవలేదు. ఆ గొంతు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదన్న ఊహే నిలవనీయలేదు. కరెంటు పోయింది. ఫ్యాను ఆగేసరికి గదిలో గాలి ముద్దలా మీద కూర్చుంది. లేచి గది దాటింది, వరండా దాటింది, గేటు చువ్వలు చేతికి తగిలాయి. ఎండకు కాలుతున్నాయి. వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది. అలా ఎన్నిసార్లు తిరిగిందో.

పొద్దెక్కాక ఎవరో గేటు తట్టారు.

"చెల్లెమ్మా, నేను కోటిని. రోజూ ఫోన్ చేస్తున్నావు గదా, ఒకసారి చూసి పోదామని వచ్చా. గేటు తియ్యి."

"తాళం వేసుందన్నా."

"తియ్యి మరి."

"బయట వేసుంది."

కోటి తాళాన్ని ఎత్తి చూసి వదిలినట్టున్నాడు, ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడైంది.

"లోపల ఒక్కదానివేనా?" అన్నాడు గొంతు తగ్గించి. "గ్యాసో గీసో అంటుకుంటే ఎట్టా తల్లీ?"

ఆసియాకు ముఖమంతా వేడెక్కింది. ఇన్నాళ్ళూ ఆ తాళం సంగతి ఇంటి మనుషులకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది. "పోర్టు సంగతి చెప్పన్నా," అంది.

కోటి గేటు అవతల నిలబడే చెప్పాడు. ఆమె రౌటర్లో చేసింది సరిగ్గానే ఉంది. అడ్డం తమ ఆఫీసు దగ్గరుంది. పేటలో ఇళ్ళన్నిటికీ కలిపి బయటికి ఒకటే నెట్ అడ్రసు పెట్టారు. బయటి నుంచి వచ్చింది ఆ అడ్రసు దాకా వచ్చి, ఏ ఇంటికి పోవాలో తెలియక ఆగిపోతుంది.

"మీ ఇంటికి విడిగా ఒక అడ్రసు ఇస్తే తెరుచుకుంటది. అదేం పెద్ద పని గాదు."

"ఇవ్వన్నా అయితే."

"కనెక్షన్ మీ అన్న పేరుమీదుందమ్మా. ఆయన ఊ అనాలి. పొద్దున ఫోన్ చేస్తే వద్దన్నాడు."

కోటి బండి పోయిన చాలాసేపటికి గాని ఆసియా చువ్వలు వదల్లేదు.

ఇంట్లో ఫోన్ మోగుతుంటే తడుముకుంటూ పరుగెత్తింది. అదే బొంగురు గుసగుస.

"అమ్మాయ్, మీ అమ్మగారొచ్చారు. నా ఎదురుగానే కూర్చున్నారు. నువ్వు రాలేదేమ్మా?"

ఆసియాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సొరుగు లాగి చూసింది. అక్రం ఆటోవాళ్ళ కోసం పాటలెక్కించే పెన్‌డ్రైవ్ అందులో లేదు.

"కాపీ అయిపోయింది," అంటోంది రాఘవమ్మ. "టీ తాగి బయల్దేరతానంటున్నారు. ఇద్దరూ కలిసొస్తారనుకున్నా."

సందెవేళ తాళం తీసిన చప్పుడైంది. జైనాబ్ బీ వచ్చి గుమ్మంలోనే కూలబడింది. చెమట, దుమ్ము, బస్సు వాసన. బడి గడప తొక్కని మనిషి. ఏ బస్సు ఎక్కడికి పోతుందో అడుక్కుంటూ పోయి, అడుక్కుంటూ వచ్చింది.

"ఇదిగో," అని పెన్‌డ్రైవ్ కూతురి చేతిలో పెట్టింది. దాన్ని దారిపొడుగునా గుప్పిట్లోనే పట్టుకున్నట్టుంది, వేడిగా ఉంది. "నువ్వు పోవాల్సిన పని లేకుండా చేశా."

ఆ మాటలో ఎంత గర్వముందో ఆసియాకు వినపడింది. తల్లి కాళ్ళు పట్టుకోవాలని ఉంది, ఆ పెన్‌డ్రైవ్ గోడకేసి కొట్టాలని ఉంది. రెండూ ఒక్కసారే.

"ఎట్టుందమ్మీ అక్కడ?" అంది చివరికి.

"గాలి చల్లగా ఉంది. బస్సులోంచి నీళ్ళు కనపడినయ్, చానా దూరం. ఆమె మంచిది. నీ గురించే అడిగింది."

"నన్ను కూడా తీసుకుపోతే ఏం పోయేది?"

"నిలబడే వచ్చానే అంత దూరం. నువ్వెట్టా నిలబడతావ్?"

"నిలబడేదాన్ని."

జైనాబ్ బీ లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోయింది.

పాఠం పెట్టగానే గదినిండా ఆ గొంతు పరుచుకుంది, గట్టిగా, తీరుబడిగా. జైనాబ్ బీ తువ్వాలతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది.

"ఎవరది?"

"ఆమేనమ్మీ. నువ్వు చూసొచ్చినామె."

"ఆమెదా ఈ గొంతు!" అంది తల్లి. ఆ తర్వాత పాఠం అయిపోయేదాకా అక్కడే గోడకానుకుని కూర్చుంది. ఆమెకు రాజులూ తెలియదు, రాజ్యాలూ తెలియదు.

ఆ వారంలోనే క్రోసూరు నుంచి తిరుపతమ్మ అనే అమ్మాయి గ్రూపులో మాట్లాడింది. "ఆసియక్కా, నాలుగో భాగం నీ దగ్గర మొత్తం ఉందంట గదా. నాకు సగం కూడా దిగలా. నాది కూడా మూసుందంట."

ఆసియా ఆ రాత్రి అన్నం దగ్గర అక్రంతో తెగేసి చెప్పింది. "భాయ్, కోటన్నకు ఊ అను."

"నీకు దిగింది గదా. ఇంకెందుకు?"

"నాకోసం గాదు. క్రోసూరులో ఒక పిల్లకు కావాలి. ఆమెకూ కనపడదు."

అక్రం అన్నం కలపడం ఆపాడు. "అది గాదు సంగతి," అన్నాడు. "నువ్వు ప్యాసయితే ఉద్యోగం ఏ చివరేస్తారో. ఆడ నిన్నెవరు చూస్తారు? రోడ్డుమీద పడి ఉన్నావని ఆరోజు నాకెవరో ఫోన్ చేశారు. నేను పోయేసరికి..."

ఆసియాకు అంతవరకూ తెలియదు, పోర్టు వద్దంటున్న అక్రం భయం దొంగల గురించి కాదని. కోపం తెచ్చుకుందామంటే రాలేదు. కోపం వచ్చి ఉంటే తేలికగా ఉండేది.

"ఆ పిల్లకు పాఠం కావాలి భాయ్," అంది మళ్ళీ.

అక్రం చెయ్యి కడుక్కుని కోటికి ఫోన్ చేశాడు. రెండో రోజుకు విడి అడ్రసు వచ్చింది. "పోర్టు తెరిచి ఉంది," అని కంప్యూటర్ అంటే ఆసియా మూడుసార్లు అనిపించుకుని వింది. కాసేపటికి తిరుపతమ్మ కంప్యూటర్ ఆమె కంప్యూటర్‌కు తగులుకుంది. ఈసారి వేగం కేబీల్లో కాదు, ఎంబీల్లో పోతోంది.

హాల్‌టికెట్ వచ్చింది. సెంటరు గుంటూరు.

"నేనే తీసుకుపోతా, నేనే తీసుకొస్తా," అన్నాడు అక్రం.

"తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తిరుపతమ్మ ఫోన్ చేసింది. ఫైలు పూర్తిగా దిగిందని చెప్పి, చివర్లో అడిగింది. "గుంటూరుకు ఎవరితో వస్తున్నావక్కా?"

"మా అన్నతో. నువ్వు?"

"ఒక్కదాన్నే. పల్లెవెలుగు బస్సెక్కి వచ్చేస్తా."

ఆసియా మంచం అంచున సర్దుకుని కూర్చుంది.

"ఎట్టా వస్తావే?" అంది. "ఇంట్లోంచి బయల్దేరిన కాడి నుంచి చెప్పు. ఏదీ వదలకుండా చెప్పు."