అల్లుడు కాసిన మంద

నర్సప్పకు మనుషులంటే చులకన. గొర్రెలంటే కొంచెం గౌరవం ఉంది గానీ, అదీ అన్ని గొర్రెల మీదా కాదు. నవాబుపేట దగ్గర ఆ ఊళ్లో ఆయన నోట మంచి మాట అనిపించుకున్న మనిషి లేడు. సొంత తమ్ముడు ఎంకయ్య గొర్రెలు అమ్ముకుని ఆటో కొన్నాడని, ఇంటి పరువును మూడు చక్రాల బండికి కట్టాడని తిట్టి, మాటలే మానేశాడు. ఇక అల్లుడు పరమేశ్ సంగతి చెప్పక్కర్లేదు. తాండూరులో బండలు పాలిష్ పట్టే మిషన్ మీద పని. సాయంత్రానికి నెత్తి నుంచి చెప్పుల దాకా తెల్లటి దుమ్ము. రాళ్లకు నునుపు పెట్టి బతకడం కూడా ఒక బతుకేనా అని నర్సప్ప అభిప్రాయం.

అలాంటి అల్లుడు తన చెల్లెలి గృహప్రవేశం నాడు నోరు జారాడు. భార్య మల్లీశ్వరి కొత్త చీర కట్టుకుని బంతిలో కూర్చుంటే, "ఎంత సెంటు కొట్టినా మా అత్తగారింటి గొర్ల వాసన పోదు" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. మల్లీశ్వరి విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, బస్టాండుకు నడిచి, సంచి కూడా లేకుండా పుట్టింటికి వచ్చేసింది.

నర్సప్ప పైకి నిప్పులు చెరిగాడు, లోపల పండుగ చేసుకున్నాడు. బిడ్డ వచ్చినప్పటి నుంచి జొన్నరొట్టెలు మెత్తగా ఉంటున్నాయి. సాయంత్రం పూట ఊళ్లోవాళ్ల నడకలనూ మాటలనూ ఆయన వెక్కిరిస్తుంటే కడుపుబ్బ నవ్వే మనిషి దొరికింది. బిడ్డ మళ్లీ తాండూరు పోకూడదు, అంతే. ఆ మాట ఉన్నదున్నట్టు అంటే భార్య రామమ్మ చీపురు తీస్తుంది కాబట్టి, దానికి పరువు అని పేరు పెట్టాడు.

చివరికి పరమేశ్ బైకు వేసుకుని వచ్చాడు. వాకిట్లోనే తల దించుకుని నిలబడ్డాడు.

"తప్పయింది మామా. మల్లీశ్వరిని తోలియ్యి."

"గొర్ల వాసన అంటివి గదా," అన్నాడు నర్సప్ప, అల్లుడి వైపు చూడకుండా. "ఇయ్యాల శంకరప్ప చేన్ల మంద పెట్టేదుంది. నువ్వే తోల్కపో, నువ్వే కాయి, రాత్రి ఆడనే పండు. సక్కగ కాస్తె బిడ్డ నీ ఎంట వస్తది. లేకుంటె మల్ల గీ గడప తొక్కకు."

లోపల నుంచి మల్లీశ్వరి వింటూనే ఉంది.

పంట తీసిన చేలో రాత్రి మందను నిలిపితే తెల్లారేసరికి చేనంతా ఎరువు. అందుకని రైతులు ముందే వచ్చి మాట తీసుకుంటారు, వంతు తప్పితే కొట్టుకునేదాకా పోతారు. శంకరప్ప అట్లా మాట తీసుకున్నవాడే. ఆయన చేను ఎక్కడని పరమేశ్ అడిగితే, "వాగు దాటినంక కంది కోసిన చేను" అన్నాడు నర్సప్ప. వాగు దాటితే కనుచూపు మేర అన్నీ కంది కోసిన చేలే. మందను తోలేవాడు వెనక కాదు, ముందు నడవాలని, పిలుచుకుంటూ పోవాలని కూడా చెప్పలేదు. ఆ మాత్రం తెలియనివాడికి చెప్పడం తనకు నామోషీ. అల్లుడు కర్ర పట్టుకుని గొర్రెల తోకల వెంట పోతుంటే చూసి, మీసాల్లో నవ్వుకుని, హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్నే శంకరప్ప వచ్చి కేకలు మొదలుపెట్టాడు.

"ఏం నర్సప్పా, మాటిచ్చి నన్ను మోసం చేస్తవా? నా చేన్ల ఒక్క గొర్రె లేదు. మంద మొత్తం నీ తమ్ముని చేన్ల పన్నది!"

నర్సప్ప చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. నిజమే. ఎంకయ్య చేను నిండా తన గొర్రెలు. గట్టు మీద ఎంకయ్య, పరమేశ్ పక్కపక్కన కూర్చుని చాయ్ తాగుతున్నారు. అల్లుడి జుట్టు నిండా ఉన్ని, గడ్డి.

"ఇదేందిరా?"

"ముందలున్న పొట్టేలు యాడికి పోతె దాని ఎనక పోయిన మామా. చేను దానికి ఎరికే ఉంటది అనుకున్న."

దానికి ఎరికే. అన్నదమ్ములు కలిసి ఉన్న రోజుల్లో ఏటా మొదటి మంద పెట్టింది ఈ చేలోనే. తర్వాత మాటలు బంద్ అయిన సంగతి పొట్టేలుకు ఎవరూ చెప్పలేదు.

"నువ్వన్న ఎల్లగొట్టొద్దా?" అని తమ్ముడి మీద పడ్డాడు. ఇన్నేళ్లకు తమ్ముడితో అన్న మొదటి మాట అది.

"ఊకె వచ్చిన ఎరువును ఎల్లగొట్టెటందుకు నేనేమన్న పిచ్చోన్నా అన్నా? దా, జర చాయ్ తాగు."

నర్సప్ప తాగలేదు. ఊరంతా నవ్వుతుందని ఒళ్లు మండింది. మరుక్షణం, అల్లుడు ఓడిపోయాడు కదా అని గుర్తొచ్చి ఒళ్లు చల్లబడింది. వెనక్కి తిరిగి వడివడిగా ఇల్లు చేరి, నడవలోనే మొదలుపెట్టాడు.

"ఇన్నవా బిడ్డా నీ మొగని తెలివి! పోయి పోయి ఎంకని చేన్ల పెట్టిండు మందను!"

మల్లీశ్వరి నవ్వింది. గోడకు ఆనుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"గొర్లేమన్న తప్పిపోయినయా నాయినా?"

"లే."

"రాత్రంత మందల్నె పన్నడా?"

"పన్నడు. పంటె ఏమాయె?"

ఆమె కళ్లు తుడుచుకుని, దండెం మీది చీర తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది.

"యాడికి?"

"మా ఇంటికి."

"ఆ దుమ్ము కొంపకా?" నర్సప్పకు గొంతు దాకా కోపం వచ్చింది. "ముక్కు మూసుకోకుంట ఒక్క గడియ కూసోరాని కొంపకా?"

మల్లీశ్వరి నవ్వు ఆగిపోయింది.

"ఆ కొంపకే. పోయినేడు నువ్వొచ్చినవ్ గదా. నీకని కోడి కోసి వండిన. దుమ్ము పడ్డదని ఒక్క ముద్ద ముట్టలే. అరుగు మీద కూసోని, హోటల్ల ఇడ్లీ తెప్పించుకొని తిన్నవు. మా అత్త తలుపుల నిలబడి చూసింది. ఆయిన ఒక్క మాట అన్నడని అలిగి నీ ఇంటికొచ్చిన నాయినా. నువ్వు గట్ల చేసిననాడు నేను అలిగి యాడికి పోవాల్సుండె?"

వాకిట్లో పరమేశ్ బైకు తీస్తున్న చప్పుడైంది. మల్లీశ్వరి చీర పెట్టిన కవరు చేత పట్టుకుని, తల్లికి చెప్పి, వాకిలి దాటింది.

"దుమ్ము ఉండె గదా," అన్నాడు నర్సప్ప చివరికి, చిన్న గొంతుతో.

విన్నది రామమ్మ ఒక్కతే. ఆయన ఊరందరినీ చూసే చూపుతో ఆయన్ను ఒకసారి చూసి, లోపలికి పోయింది.