చూడటానికి వచ్చినవాళ్ళు

బస్సు సిడ్నీ శివారు పరామట్టా దాటి ఒక సన్నటి వీధిలోకి తిరిగేసరికి ఎండ ఊదారంగుకు మారింది. రెండువైపులా జకరండా చెట్లు పూసి, రాలి, రాలుతూనే మళ్ళీ పూస్తున్నట్టున్నాయి. కిటికీ పక్కన కూర్చున్న శ్యామసుందరికి తాను ప్రయాణం చేస్తోందో, ఆ ప్రయాణాన్ని ఎవరో తనకు కథగా చెబుతున్నారో తేలలేదు. విశాఖపట్నం నుంచి మనస్తత్వశాస్త్ర సదస్సుకు వచ్చిందామె. ఇవాళ ప్రసంగాలు లేవు. ప్రతినిధులను జట్లుగా విడదీసి ఊళ్ళోని ఆరోగ్య సంస్థలు చూపిస్తున్నారు. ఆమె జట్టు వంతుకు వచ్చింది ఒక ఇల్లు. మనసు చెదిరినవాళ్ళు పగటిపూట అక్కడికి వచ్చి, కాసేపు కూర్చుని వెళతారట.

"ఫొటోలు తియ్యనివ్వరట మేడమ్. ఇంత దూరం తీసుకొచ్చి ఏం చూపిస్తారో మరి," అన్నాడు ముందు సీట్లోంచి యూనివర్సిటీలో ఆమె శాఖాధిపతి ఈశ్వరప్రసాద్.

ఆమె నవ్వి కిటికీ వైపు తిరిగింది. వేసవిలో తల్లి పోయినప్పటి నుంచి తెల్లవారుజామున పక్క గదిలో ఆవిడ దగ్గు వినిపిస్తోంది. మాటేమీ ఉండదు. మాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకునే చిన్న దగ్గు, అంతే. అయినవాళ్ళు పోయినప్పుడు ఇలా వినిపించడం మామూలేనని ఏటా క్లాసులో చెబుతుంది. తనకు వినిపిస్తోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. పిచ్చి అంటారని భయం. ఆ భయం కింద ఇంకో భయం ఉంది: చెబితే అది ఆగిపోతుందేమో. సిడ్నీ హోటల్లో మొదటి తెల్లవారుజామున అది రాలేదు. సముద్రం దాటలేకపోయిందనుకుని ఏడ్చింది. మర్నాడు వచ్చింది.

అది పాత ఇటుక ఇల్లు. శ్యామసుందరి అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. పేరు చీటీ గుచ్చిన కోటు వసారాలో కొక్కేనికి తగిలించింది. మిగతావాళ్ళు బూట్లతోనే, ఆ ఇల్లు నడిపే హెలెన్ వెంట మేడ మెట్లెక్కిపోయారు. లోపలి నుంచి అల్లం టీ వాసన వచ్చింది. కాళ్ళు అటే నడిచాయి. "అమ్మయ్య" అంటూ వంటింట్లో కుర్చీలో కూలబడింది.

"తెలుగోళ్లా అక్కా!" పొయ్యి దగ్గరున్న మనిషి తిరిగి చూశాడు. ముప్పై ఏళ్ళుంటాయి. "చెప్పులు చూస్తానే అనుకుంటి, ఎవురో మనోళ్లు వచ్చినారని. నా పేరు ఫుర్కాన్, మాది కదిరి. ఫస్ట్ డేనా?"

"అవును," అంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదని తోచేలోపే కప్పు చేతికి వచ్చింది.

"భయపడొద్దు. ఈ పొద్దు విజిటర్లు వచ్చినారు. జూకి వచ్చినట్ల చూసి పోతారు. వాళ్లు దిగేదాకా ఈడ ప్రశాంతం."

అప్పుడే చెప్పాల్సింది. కానీ ఆవిరిలో ఆ గొంతు ఎంతో దూరం నుంచి, తన కోసమే వస్తున్నట్టుంది.

"నేను వై టూ కే పనికి వచ్చినా అక్కా. పాత ప్రోగ్రాముల్లో ఏడాదికి రెండంకెలే గదా, రెండువేలు వస్తే లెక్క తప్పుతాదని వాటిని నాలుగు చేసేది. దినామూ అదే. ఒగ దినం రైల్లో మనుషుల్ని చూస్తాంటే, వీళ్లకు వచ్చే జనవరి లేదనిపించె. ఈ ముసలామెకు లేదు, ఆ పాపకు లేదు. దిగకుండా అట్లే కూచుంటి. గార్డు వచ్చి లేపె."

"ఇప్పుడు?"

"ఇప్పుడు శానామందికి ఉందిలే. మా మేనేజర్‌కే డౌటు." నవ్వాడు. "నీకేందక్కా?"

ఈ ప్రశ్న ఆమె ఎంతమందినో అడిగింది. తన వైపు తిరిగి వచ్చేసరికి దాని బరువు తెలిసింది.

"మా అమ్మ దగ్గుతుంది," అంది. "పోయాక కూడా."

అతను ఉలిక్కిపడలేదు. "ఏమన్నా చెప్తాదా?"

"చెప్పబోతుంది."

"నువ్వు పలుకుతావా?"

"లేదు."

"పెద్దామె పిలుస్తాంటే పలక్కుండా పండుకుంటావా? బాగుందే నీ యవ్వారం!"

ఆమెకు నవ్వు, దాని వెనకే కన్నీళ్ళు వచ్చాయి. అప్పుడే హెలెన్ తలుపు దగ్గరకు వచ్చి, ప్రతినిధులందరూ ముందుగదిలోకి రావాలి, మీరు కూడా అంది.

ఫుర్కాన్ కప్పు కింద పెట్టాడు. "డెలిగేటా నువ్వు?"

"చెప్పాల్సింది..."

"రాసుకో అక్కా, బాగా రాసుకో. కదిరి కేసు."

"నేను చెప్పింది నిజం ఫుర్కాన్."

"నిజమైతే ఆడ చెప్పు. మీవాళ్ల ముందర. ఈడ మెంటలోళ్ల ముందర ఎవురైనా చెప్తారు."

ముందుగదిలో ప్రతినిధులు గుండ్రంగా కూర్చున్నారు. ఒక్కొక్కరూ తాము గమనించింది చెబుతున్నారు. ఈశ్వరప్రసాద్ మన కుటుంబ వ్యవస్థ గొప్పతనం గురించి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. ఆమె వంతు వచ్చింది. ఫుర్కాన్ వంటింటి గుమ్మానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. ఇక్కడ అన్న మాట ఈశ్వరప్రసాద్‌తోపాటు విమానమెక్కి, ఆమెకన్నా ముందే డిపార్టుమెంటుకు చేరుతుంది. అయినవాళ్ళు పోయినప్పుడు సాధారణంగా, అన్న క్లాసు వాక్యం నాలుక మీదికి వచ్చింది. దాన్ని మింగేసింది.

"నాకు మా అమ్మ దగ్గు వినిపిస్తోంది," అంది ఇంగ్లీషులో. "చెబితే పోతుందని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఇందాక ఒకరు నన్ను కొత్తగా ఇక్కడికి చేరిన మనిషనుకుని టీ ఇచ్చి అడిగారు. కాదని నేననలేదు. అనాలనిపించలేదు."



"జెట్ లాగ్ మేడమ్," ఈశ్వరప్రసాద్ తెలుగులో గొణిగాడు. "ఇవన్నీ ఇక్కడెందుకు?"

"ఇక్కడ కాకపోతే ఎక్కడండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. అందరూ లేచారు. ఆమె లేవలేదు. "మీరు వెళ్ళండి సార్. నేను రైల్లో వస్తాను."

గది ఖాళీ అయ్యాక ఫుర్కాన్ దగ్గరకు వచ్చాడు. కోపం ఇంకా మొహంలో కొంత మిగిలే ఉంది. "రైల్లో తోడు రాలేనక్కా, ముందే చెప్తాండా. ఇంగా కొంచెం కష్టం."

"స్టేషన్ దాకా?"

"స్టేషన్ దాకా వస్తా. మనోళ్ల అంగళ్లుండే హారిస్ పార్క్ మింద పోదాం. ఈ టైముకు జిలేబీ వేడిగా ఏస్తాంటారు."

వీధి మలుపు దగ్గర సిగ్నల్ కోసం ఆగారు. అతను అడిగాడు, "మీయమ్మ పేరేంది?"

"సీతాదేవి," అందామె. రోగి మంచం పక్కన కుర్చీ వేసుకున్నవాడిలా అతను నెమ్మదిగా తలూపి, ఇంకా చెప్పమన్నట్టు ఆమె వైపు తిరిగాడు. ఆమె చెప్పసాగింది. సిగ్నల్ పడింది, మళ్ళీ మారింది. ఇద్దరిలో ఎవరూ రోడ్డు దాటలేదు.