గుర్తూ పట్టూ

కప్పులత్తయ్య కొడుకు ఎప్పుడు చూసినా పసుపు చొక్కాలే వేసుకుంటాడు. ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కి ఈ సంగతి తెలియదు. తెలిస్తే పాపం, ఆ రోజు వేరే రంగు వేసుకుని వచ్చేవాడు.

"తెల్లారి ఇంతసేపయింది, ఇంకా స్నానం చెయ్యకుండా కూర్చున్నావా? సిగ్గు లేదట్రా?" అంటూ ఆవిడ అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

"నేను... ఫ్యాను కోసం వచ్చానండీ" అన్నాడతను.

కొత్త గొంతు వినగానే ఆవిడ నాలిక్కరుచుకుంది. వంటింట్లో కోడలు నవ్వు ఆపుకోలేక పాలు పొంగించేసింది.

తప్పు ఆవిడ కళ్ళది కాదు. మూడు నెలల కిందట స్నానాల గదిలో కిటికీ మూసి ఉంది, గ్యాస్ గీజర్ వెలుగుతోంది. దాన్లోంచి వచ్చిన విషవాయువు పీల్చి పడిపోయి, ఎలాగో బతికి బట్టకట్టింది. అప్పటినుంచి ఆవిడకి రంగులు కనిపిస్తాయి, వెలుగు కనిపిస్తుంది, వస్తువు ఆకారం మాత్రం కనిపించదు. బల్ల మీద తెల్లగా ఏదో ఉందని తెలుస్తుంది. అది పళ్ళెమో, మడతపెట్టిన తువ్వాలో తెలియదు. ఎదురుగా ఉన్న పసుపు కొడుకో ఎలక్ట్రీషియనో, నోరు విప్పితే గానీ తేలదు.

ఇంట్లో ఈ తిప్పలు నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. చిక్కల్లా కొట్టు దగ్గరే. ఆవిడ పెట్టి పెంచిన పింగాణీ సామాన్ల కొట్టు అది. నేల నుంచి పైకప్పు దాకా కప్పులు, సాసర్లు, కూజాలు. వీధి వీధంతా ఆవిణ్ణి కప్పులత్తయ్య అంటారంటే ఊరికే కాదు. అలాంటి మనిషిని కొడుకు కొట్టు గడప తొక్కనివ్వడం లేదు. కోడలు మొగుడికే వంత పాడింది. కప్పు అంచు కాస్త పెచ్చు లేస్తే పూటంతా ముఖం వేలాడేసుకునే పిల్ల మరి.

"కొట్లో కూర్చోకపోతే నాకు పిచ్చెక్కుతుంది" అంది అత్తయ్య.

"కూర్చుంటే నాకెక్కుతుందమ్మా" అన్నాడు కొడుకు.

ఆవిడ పట్టు పట్టింది. పట్టు పడితే వదిలే రకం కాదు. చివరికి, డాక్టరమ్మ సరేనంటే చూద్దామని ఒప్పందం కుదిరింది.

డాక్టరమ్మ ఒక గుండ్రటి అట్ట నిలబెట్టింది. దాని మధ్యలో సన్నని చీలిక.

"చీలిక నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా?"

అత్తయ్య కళ్ళు చికిలించింది. "ఏమోనమ్మా. అక్కడేదో నల్లగా ఉంది. అంతవరకే."

కొడుకు నిట్టూర్చాడు. డాక్టరమ్మ ఆవిడ చేతికి ఒక కార్డు ఇచ్చి, "దీన్ని అందులో వెయ్యండి" అంది. అత్తయ్య చెయ్యి చాచింది. చాస్తూ చాస్తూ ఉండగానే మణికట్టు దానంతటదే తిరిగింది. కార్డు చీలికలోకి జారిపోయింది. డాక్టరమ్మ అట్టను ఇటూ అటూ తిప్పి మళ్ళీ మళ్ళీ వేయించింది. ఒక్కసారి కూడా అంచుకు తగల్లేదు.

"మాయ చేస్తున్నావేంటమ్మా!" అన్నాడు కొడుకు.

"నాకేం తెలుసురా, చేతినడుగు."

డాక్టరమ్మ నవ్వింది. కంటికి కనిపించేదంతా ముందు తల వెనక భాగానికి చేరుతుందట. అక్కడ గీతలు, మూలలు, వంపులు విడివిడిగా తేలతాయట. అక్కణ్ణుంచి రెండు దారులు. ఒక దారిలో ఆ ముక్కలన్నీ కలిసి ఆకారమై, 'ఇది ఫలానా వస్తువు' అని తెలుస్తుంది. రెండో దారి చేతిని నడిపిస్తుంది, ఎటు తిరగాలో, ఎంత తెరుచుకోవాలో చెబుతుంది. గ్యాసు దెబ్బ కొట్టింది మొదటి దారినే.

అత్తయ్య తల ఊపింది. "గుర్తుపట్టడం అంటామే, అందులో గుర్తు ఒక దారి, పట్టు ఇంకో దారి. నాకు గుర్తు పోయింది, పట్టు ఉంది. అంతేనా?"

"ఇంత బాగా నేను కూడా చెప్పలేనండీ" అంది డాక్టరమ్మ.

అయినా కొడుక్కి ధైర్యం చాలలేదు. ముగ్గురూ ఇంటికెళ్తూ కొట్టు దగ్గర ఆగారు. అతను తలుపు తీసి, "చీలికలో కార్డు వెయ్యడం వేరు, ఇది వేరు. ఇక్కడ ఒక్కటి జారితే..." అని మొదలుపెట్టాడు.

అత్తయ్య లోపలికొచ్చి నిలబడింది. చుట్టూ తెలుపు, నీలం, ఆకుపచ్చ మరకలు. తను పేర్చిన అరలే, ఒక్కటీ పోల్చుకోలేకపోయింది. ఏడుపొచ్చింది. ఎప్పుడూ తగువుకు ముందుండే మనిషి ఈసారి "పదరా, ఇంటికి పోదాం" అంది.

కోడలికి ఆ మాట నచ్చలేదు. గల్లా వెనక అద్దాల అరలోంచి, కొట్లోకెల్లా ఖరీదైన కప్పును తీసింది. దాన్ని తను తప్ప ఇంకెవరూ తుడవకూడదు.

"అత్తయ్యా, పట్టుకోండి!" అంటూ విసిరేసింది.

కొడుకు "అయ్యో!" అని కేక పెట్టాడు. అత్తయ్యకు గాల్లో ఏదో నీలంగా వస్తున్నట్టు కనిపించిందంతే. చెయ్యి ముందే లేచింది, వేళ్ళు తెరుచుకున్నాయి, కప్పు అరచేతిలో వచ్చి కూర్చుంది.

ఆవిడ బొటనవేలు అంచు చుట్టూ ఒకసారి తిరిగి పిడి దగ్గర ఆగింది.

"ఓసి పిచ్చిపిల్లా! పలచటి అంచు, పిడి మీద ఆకు. ఇది నీ ప్రాణం కదే! దీన్నా విసిరావు?"

"మీరు పడేస్తారని నాకు అనిపించలేదత్తయ్యా" అంది కోడలు. అంటూనే కప్పుకి ఎక్కడైనా పెచ్చు లేచిందేమోనని తొంగి చూసింది. "కంటికి తెలియకపోతే చేతికి తెలుస్తోందిగా. ఎవరైనా ఫలానాది కావాలంటే అర నేను చూపిస్తాను. తియ్యడం, కట్టడం, బేరమాడడం మీరు."

"బేరం నీకెలాగూ చేతకాదులే" అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

పసుపు మరక ఒకటి దగ్గరికొచ్చి నిలబడింది. మాట్లాడడం లేదు. ఒకసారి పరువు పోయింది కాబట్టి ఈసారి ఆవిడ తొందరపడలేదు. కప్పు కోడలి చేతికిచ్చి, చెయ్యి చాచి ఆ మనిషి చెంప నిమిరింది. గడ్డం గరగరలాడింది. తడి తగిలింది.

"మావాడే" అంది తృప్తిగా. "ఇవాళ కూడా గడ్డం గీసుకోలేదు వెధవ."