కనకవ్వ మూడో నమూనా

ఉదయం ఆరున్నరకు యెషయా ఐసు డబ్బాను బండి వెనక తాడుతో కట్టాడు. కనకవ్వ మూడో నమూనా ఆ రోజే తేవాలి. తేకపోతే ఆమె ఇచ్చిన మొదటి రెండూ పనికిరావు.

"ఆ డబ్బా గడప దాటి లోపటికి రావద్దు. జర యాదుంచుకో" అంది భార్య రిబ్కమ్మ. రోజూ అనే మాటే.

యెషయాకు యాభై తొమ్మిది. ఆదిలాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో గాజు పలకలు కడిగాడు, అది మూతపడేదాకా. తర్వాత పత్తి జిన్నింగు మిల్లు గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు. ఇప్పుడు హైదరాబాద్ శాస్త్రవేత్త రమ పరిశోధన కోసం ఊళ్లు తిరిగి మనుషుల మలం తెస్తాడు. జొన్న తినేవాళ్ల పేగుల్లో ఎలాంటి సూక్ష్మజీవులు ఉంటాయి, వాటికీ ఒంట్లో చక్కెరకూ సంబంధం ఏమిటి అన్నది ఆమె చూస్తోంది. ఒక్కొక్కరి నుంచి వానకాలం, చలికాలం, ఎండకాలం ఒక్కో నమూనా కావాలి. చాయ్ హోటల్లో యెషయాను పియ్యి సారు అంటారు. అతను చాయ్ తాగి వెళ్తాడు. అతనికీ చక్కెర జబ్బు ఉంది. అన్నమే తింటాడు.

కనకవ్వది తాంసి దారిలో ఊరు. డెబ్బై దాటాయి. ఓపిక ఉన్నన్నాళ్లు పత్తి ఏరింది. పుట్టినప్పటి నుంచి తిన్నది జొన్నరొట్టె, జొన్నరవ్వ ఉడికించిన గట్క. ఆ ఊళ్లో అలా మిగిలింది ఆమె ఒక్కతే.

నెల కింద మూడో నమూనా కోసం వెళ్తే ఆమె డబ్బా చేతికిచ్చి నవ్వింది. ఈ వారం ఏం తిన్నావని యెషయా అడిగాడు. అందరినీ అడగాల్సిన ప్రశ్నే.

"సన్నబియ్యం అన్నం, కోడిగుడ్డు. నువ్వొస్తవని వారం సంది గదే తిన్న."

"ఎందుకవ్వా? జొన్నలే తినుమంటిమి గద."

"మంచిగున్నవ్! గట్క తిన్న పియ్యి పట్నం మేడం కాడికి పంపితే నా ఇజ్జత్ ఉంటదా?"

యెషయా నవ్వలేదు. జొన్నే తిన్నదని చెబితే డబ్బా హైదరాబాద్ వెళ్లేది, ఎవరికీ తెలిసేది కాదు. అతను అక్కడి నుంచే రమకు ఫోన్ చేశాడు.

"పారేయండి యెషయా గారూ. నెల రోజులు జొన్నే తినమనండి, మళ్లీ తీసుకుందాం. అదీ కాకపోతే ఆమెను తీసేయాల్సిందే" అంది రమ.

యెషయా ఆ మాట కనకవ్వకు చెప్పాడు.

"అంటే ఆమెకు గట్కదే కావాల్నా?"

"గదే కావాలె అవ్వా. నీ అసొంటోళ్లు దొరుకుతలేరు."

"గట్లనా! ఇస్త పో కొడుకా. పెండ్లికి పోయినా అన్నం ముట్ట."

ఆ ఉదయం ఎనిమిదికి యెషయా కనకవ్వ ఇంటి ముందు బండి ఆపాడు. వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి. కనకవ్వ కోడలు సక్కుబాయి ఎదురొచ్చింది.

"మా అత్త రాత్రి పండుకున్నది, పొద్దుగాల లేవలే అన్నా" అంది. "నెల సంది ఒక్క అన్నం మెతుకు ముట్టలే. మొన్న మా తమ్ముని పెండ్లిల గూడ మూటల రొట్టె కట్టుకపోయి తిన్నది. అందరు నవ్విన్రు. నవ్వుండ్రి, నాది పట్నం పోయేదుందని వాళ్లనే తిట్టింది."

యెషయా బండి దగ్గరికి వెళ్లి ఫోన్ తీశాడు.

"కనకవ్వ పేరు తీసెయ్యుండ్రి మేడం. రాత్రి పాణం పోయింది."

తర్వాత చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. పొయ్యి పక్కన, పళ్లెం మూత కింద, రాత్రి ఆమె తినగా మిగిలిన సగం జొన్నరొట్టె ఉంది.