విల్లో చువ్వల పూలపాడె

ఊరి పూలపాడె ఇవ్వడం కుదరదని కబురు రాగానే బున్నే ఏడుపు ఆపేసింది. అప్పటిదాకా మామగారి కోసం మనసారా ఏడ్చింది. ఇప్పుడు రగులుతున్నది కోపం.

పోయినవాడు మన్‌స్వే, అరవై ఏళ్ళు ఆ ఊరికి ఎద్దుమాంసం కోసిచ్చిన ముసలి కసాయి. ఊళ్ళో ఎవరు పోయినా కాగితం పూలు కట్టిన రంగుల పాడెలో, వంతెన మీదుగా కొండ మీది శ్మశానానికి వెళతారు. దిక్కులేని బిచ్చగాడు చచ్చినా ఊరు ఆ మర్యాద తప్పించదు. కసాయివాళ్ళ శవం మాత్రం చాపలో చుట్టుకుని, వంతెన ఎక్కకుండా, ఏట్లో దిగి అవతలి ఒడ్డుకు చేరాలి. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. రాసింది దీనికి సరిగ్గా విరుద్ధంగా ఉంది: మనుషుల్లో ఎక్కువ తక్కువలు ఇక లేవని రాజుగారు ఆజ్ఞ ఇచ్చి ముప్పై ఏళ్ళు కావస్తోంది. ఆ రాజు పోయాడు, రాజ్యం జపాను వాళ్ళ చేతికి పోయింది, చాప మాత్రం ఎక్కడికీ పోలేదు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో అత్తగారిని అలాగే మోశారు. నడి ఏట్లో చాప విడిపోయింది. నీళ్ళు కారుతున్న పెళ్ళాం జుట్టును మన్‌స్వే తన చొక్కాతో తుడవడం బున్నే చూసింది. పోయే ముందు ముసలాయన ఆమె చెయ్యి పట్టుకుని ఒకే మాట అడిగాడు. "నన్ను తడపకే అమ్మాయ్."

"ఎప్పుడూ పోయినట్టే పోదాం. గొడవలెందుకే?" అన్నాడు బున్నే మొగుడు చిల్‌సొంగ్. మంచివాడే, కానీ దొరల పేరు వింటే చాలు భుజాలు కుంగిపోతాయి.

"ఇదిగో, ఈ ఊరి చేటలూ బుట్టలూ ఎవరు అల్లారు?"

"మనమే."

"మరి పాడె అల్లలేమా?"

కబురు పంపిందే తడవుగా చుట్టుపక్కల మూడు కసాయిపేటల నుంచి మనుషులు వచ్చారు. ఆ వసంతంలోనే జిన్జు పట్నంలో కసాయివాళ్ళంతా సంఘం పెట్టుకున్నారు. మేమూ మనుషులమేనని బాహాటంగా చెప్పుకున్నారు. ఆ వేడి ఇంకా చల్లారలేదు. ఏటిగట్టున విల్లో చెట్ల సన్నటి చువ్వలు కోసుకొచ్చి, తొక్క వలిచి, రెండు రోజులు కూర్చుని పాడె అల్లారు. ఆడవాళ్ళు ఎర్రవీ తెల్లవీ కాగితం పూలు చుట్టారు. ఊరి పాడెకన్నా అదే బాగుందని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే చెప్పుకుంటారు.

మూడో రోజు పొద్దున పన్నెండు మంది పాడె ఎత్తారు. ముందు పక్కపేట పెద్దాయన డొక్‌బో గంట వాయిస్తూ పాట ఎత్తుకున్నాడు. వెనక చావుకు కట్టే జనపనార బట్టల్లో చిల్‌సొంగ్, అతని వెనకే నెత్తిన గంపతో బున్నే. ఆడవాళ్ళు పేట పొలిమేర దగ్గరే ఆగిపోవాలి. ఆమె ఆగలేదు.

వంతెన దగ్గర ముప్పై మంది మగవాళ్ళు దుడ్డుకర్రలతో అడ్డంగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు పొడుగు టోపీ పెట్టుకుని సిన్ దొర. ఊళ్ళో పెద్ద తలకాయ ఆయనే. ఇల్లు కూడా అక్కడే, వంతెనకు పాతిక అడుగుల ఇవతల.

"ఒరే చిల్‌సొంగ్! దిగండ్రా ఏట్లోకి," అన్నాడు సిన్ దొర. "మీ తాత దిగాడు, మీ అమ్మ దిగింది. మీకేం కొమ్ములు మొలిచాయా?"

చిల్‌సొంగ్ పెళ్ళాం వైపు తిరిగాడు. "బయల్దేరిన పాడె వెనక్కి తిప్పకూడదే. ఏట్లో దిగడం తప్ప ఏం చేస్తాం?"

"వెనక్కి ఎవరు తిప్పమన్నారు? ఇక్కడే దించండి."

దించారు. సరిగ్గా సిన్ దొర సింహద్వారం ముందు. బున్నే నెత్తిన ఉన్న గంప దించి, చిన్న బల్ల వేసి, దాని మీద బియ్యపు రొట్టెలు, ఎండుచేప, గిన్నెడు కల్లు పెట్టింది.

"ఏమే! నా గుమ్మం ముందు ఏంటే ఇది?"

"కనబడటంలా దొరా? దారి పూజ. పోయినాయన తనకి కావలసినవాళ్ళ ఇంటి ముందు ఆగి సెలవు తీసుకుంటాడు కదా. మీ ఇళ్ళల్లోనూ చేస్తారుగా!"

"కావలసినవాళ్ళా? కసాయోడికి నేను కావలసినవాణ్ణా?"

"మీరు కాకపోతే ఇంకెవరు దొరా? మీ తాతగారి తద్దినానికి మాంసం కోసిచ్చింది ఎవరు? మీ నాన్నగారి పులుసులో ముక్క ఎవరి చేతిది? మీ పెద్దలంతా అరవయ్యేళ్ళు మా మామయ్య చేతి కూడు తిన్నారు. ఒక్కరికీ గొంతులో అడ్డం పడలేదు. ఇంత దగ్గరివాళ్ళు మాకు వేరే ఎక్కడున్నారు?"

కర్రలు పట్టుకున్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గాడు. సిన్ దొర మొహం కందగడ్డ అయింది.

"చూస్తారేంట్రా? లాగి అవతల పారెయ్యండి దాన్ని!"

ఎవరూ కదలలేదు. కసాయివాడి పాడె ముట్టుకుంటే మైల. ముట్టుకున్నవాడు ఏడాదిపాటు తన పితరుల ముందు మోకరిల్లడానికి పనికిరాడు. ఆ కట్టుబాటు పెట్టింది సిన్ దొర ముత్తాతలే. ముప్పై మంది మొనగాళ్ళు, ముప్పై కర్రలు, ఒక్కడి చెయ్యీ విల్లో చువ్వ దాకా రాలేదు. అంటరాదని వాళ్ళు గీసిన గీత వాళ్ళనే కట్టిపడేసింది. ఆ సంగతి బున్నేకి ముందే తెలుసో, అప్పుడే తట్టిందో గానీ, ఆమె నింపాదిగా పాడె పక్కన చతికిలబడింది. మోసినవాళ్ళూ కూర్చుని, వెంట తెచ్చుకున్న కల్లు పోసుకున్నారు.

పొద్దెక్కింది. దొర ఇంట్లోంచి ఆడవాళ్ళ శోకాలు మొదలయ్యాయి. గుమ్మంలో శవం ఉంటే ఇల్లు దాటి ఎవరూ బయటికి రారు, లోపలికి పోరు.

సిన్ దొర గొంతు తగ్గించాడు. "మా కోడలు నిండు చూలాలే. ఇంత పాపం కట్టుకుంటావా?"

"ఆ తల్లి చల్లగా ఉండాలి. ఆమె మీద నాకేం కోపం లేదు. దారి మీ చేతిలోనే ఉంది, ఇవ్వండి."

"ఏట్లో రాళ్ళు వేయిస్తా. కాలు తడవకుండా పోదురుగానీ."

"వంతెన."

"పడవ కట్టిస్తానే!"

"వంతెన దొరా. మీ వాళ్ళు నడిచే వంతెన."

ఆయన ఆమెను చూశాడు, పాడెను చూశాడు, తన వాకిలిని చూసుకున్నాడు. చివరికి వంతెన వైపు చెయ్యి విసిరాడు. కర్రలు పక్కకు జరిగాయి.

"లెండి, లెండి, తొందరగా!"

"తొందరేముంది? మా ఆయన ఇంకా మొక్కలేదు," అంది బున్నే.

చిల్‌సొంగ్ మోకాళ్ళ మీద వంగి తండ్రికి మొక్కాడు. ఒకసారి మొక్కి లేచాడు. రెండోసారి నుదురు నేలకానించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. లేచినప్పుడు అతని భుజాలు కుంగి లేవు. కొడుకు మొక్కుతుండగా పాడె ఎదుట ఎవరూ కూర్చోకూడదు కాబట్టి సిన్ దొర అంతసేపూ నిలబడే ఉన్నాడు. ఒక కసాయివాడి ఎదుట, ఊరంతా చూస్తుండగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. బున్నే కళ్ళారా చూసింది. సిగ్గుపడకుండా ఆనందించింది కూడా.

పాడె లేచింది. వంతెన పలకల మీద మోసేవాళ్ళ ఇరవై నాలుగు పాదాలు పడ్డాయి. కింద ఏరు నిండుగా పారుతోంది.

"రేపట్నించీ మన దగ్గర మాంసం కొనరే," అన్నాడు చిల్‌సొంగ్ మెల్లిగా.

"కొనకపోనీ. పన్నెండు రోజుల్లో కోతల పండగ. పితరుల ముందు ముల్లంగి ముక్క పెట్టుకుని, మాంసమే అనుకుని తినండని దండం పెట్టుకోమను."

చిల్‌సొంగ్‌కు నవ్వొచ్చింది. తండ్రి శవం వెనక నడుస్తూ నవ్వకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత తీసేశాడు.

"గంట గట్టిగా కొట్టు పెద్దయ్యా!" అని బున్నే ముందుకు కేకేసింది. "వెనకున్నోళ్ళకి వినబడాలి."