ఓడ మీదికి వెల్వెట్

ఓడ ఎక్కేది ఆళ్లగడ్డలో ఉండే గౌసియా. కడుపు మండేది నంద్యాలలో ఉండే సాజిదాకు.

ఇద్దరూ తోడికోడళ్లు. సాజిదా మొగుడు ఇంతియాజ్‌కు నంద్యాల గాంధీచౌక్ పక్కన పెయింట్ల షాపు. అతని తమ్ముడు అమానుల్లాకు ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర పెయింట్ల షాపు. ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లను కంపెనీవాళ్లు ఏటా భార్యలతో సహా టూరు తీసుకుపోతారు. ఈసారి చెన్నైలో ఎక్కించి, లంక దాకా తిప్పి తెచ్చే పెద్ద ఓడ. తమ్ముడి పేరు వచ్చింది. అన్న పేరు రాలేదు.

ఆ కబురు విన్నరోజు సాజిదా మొగుణ్ని ఒక్క మాట అనలేదు. అన్నం పళ్లెం మాత్రం అతని ముందు చప్పుడయ్యేలా పెట్టింది. ఇంతియాజ్ తల దించుకుని తిన్నాడు.

వారం తిరక్కుండానే గౌసియా నంద్యాలలో బస్సు దిగింది. సాజిదా ఇంటి ముందు గదిలోనే ఆమె లేడీస్ టైలర్ షాపు. మగ్గం వర్కు కూడా తనే చేస్తుంది. పెళ్లికూతుళ్లు ఆమె చేతి జాకెట్టు కోసం ముహూర్తం కంటే ముందు ఆమె దగ్గరికే వస్తారు. గౌసియా సంచీలోంచి మెరూన్ రంగు వెల్వెట్ తీసి, కత్తిరించే బల్ల మీద పరిచింది. చూసీ చూడగానే మంచి గుడ్డ అని సాజిదాకు తెలిసిపోయింది. అది ఇంకో మంట.

"ఓడలో కెప్టెన్‌తో కలిసి ఒకపూట విందుంటాదంటక్కా. ఏం తొడుక్కోవల్లో నాకేం తెలుసు. మీ అవ్వ ఓడెక్కిన మనిషి గదా. కనుక్కోని నువ్వే కుట్టు."

మూల మంచం మీద పడుకున్న సాజిదా అవ్వ మాబూబీ ఆ మాటకు లేచి కూర్చుంది. మొగుడు సైదులుతో కలిసి ఓడలో హజ్‌కు పోయొచ్చిన మనిషి. అడిగేవాళ్లు దొరికితే వదలదు.

"బొంబాయిలో ఎక్కినాం. పై అంతస్తులో అంతా దుడ్లున్నోళ్లు. కోటు లేనోనికి ఆడ కూడు లేదు. ఆడోళ్లు జరీ లేకుండా బల్ల కాడ కూచునేదే లేదు. మీ తాత చూసొస్తానని లుంగీతో పైకి పోతే, ఓడలో పనిచేసే తెల్లగుడ్డలోడు మెట్ల కాడనే ఆపి కిందికి తోలినాడు."

"ఇప్పుడూ అట్లనేనా అవ్వా?" అంది గౌసియా.

"ఓడ ఓడే గదా. జిద్దా దగ్గరికొచ్చినాక చూడల్ల తమాషా. పైనోళ్లు కోట్లు విప్పిరి, మీ తాత లుంగీ విప్పె..."

"అవ్వా," అంది సాజిదా.

"మొత్తం విను. మగోళ్లంతా హజ్ పద్ధతిలో కుట్టు లేని తెల్లగుడ్డలు రెండు చుట్టుకున్యారు. ఎవుడు పైనోడో ఎవుడు కిందోడో తెలిస్తే ఒట్టు. మీ తాతనుకోని ఇంకొకాయన్ని నీళ్లు తెమ్మంటి."

గౌసియా పగలబడి నవ్వింది. సాజిదా నవ్వకుండా టేపు తీసి కొలతలు తీసుకుంది.

ఆ సాయంత్రమే ఇంతియాజ్ ఫోన్‌లో డీలర్ల గ్రూపు మోగింది. టూరు చేజారినా కంపెనీ గ్రూపులోంచి అతని పేరు పోలేదు. అతను పక్కన లేడు. సాజిదా ఫోన్ తీసి విన్నది. మాట్లాడేది కంపెనీ మనిషి రూబెన్.

"అన్నలారా, కోట్లు కావాల్నా అని అందరూ అడుగుతాండారు. అదంతా ఒకప్పటి మాట. అప్పట్లో కోటు, టై లేకుంటే ఓడలో భోజనాల హాల్లోకే రానిచ్చేటోళ్లు కాదంట. ఇప్పుడు ఓడంటే బీచి మాదిరే. జీన్సు, టీషర్టు, పూలచొక్కా, ఏదైనా సరే. బనీన్లతో, ఈత బట్టలతో మాత్రం తినేకాడికి రావద్దండి. పట్టుచీరలు మోసుకు రావద్దని వదినమ్మలకు కూడా చెప్పండి."

సాజిదా మళ్లీ మొదట్నుంచి విన్నది. మరిది అమానుల్లా గ్రూపులో వచ్చేవి వినడు, చదవడు. ఫోన్ నిండిపోతోందని తుడిచేస్తుంటాడు. అంటే గౌసియాకు ఈ సంగతి తెలీదు.

పూలచొక్కాల మధ్యన మెడ నుంచి మడమల దాకా వెల్వెట్‌లో, ఎండలో వేసిన షామియానా మాదిరి నిలబడ్డ గౌసియా సాజిదా కళ్లముందు కదిలింది. ఓడ కబురు విన్న తర్వాత మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

"కెప్టెన్ విందంటే మాటలా గౌసియా. అవ్వ చెప్పింది వింటివి గదా. కాళ్ల దాకా అనార్కలీ, ఫుల్ చేతులు. మోచేతి వరకు మగ్గం వర్కు చేస్తా."

"ఉడకపోయదా అక్కా?"

"సముద్రం మీద చలి."

"నీ ఇష్టమక్కా," అంది గౌసియా.

పని మొదలైంది. ఎంత బరువుగా కుడితే అంత నవ్వులపాలవుతుందన్నది సాజిదా లెక్క. జరీ రెట్టింపు చేసింది. అంచుకు పూసలు పొదిగింది. చిత్రమేమిటంటే, చెయ్యి ఎక్కడా చెడగొట్టడానికి ఒప్పుకోలేదు. ప్రతి కుట్టుకూ గౌసియా మొహం గుర్తొచ్చేది. కోపంతో సూది దింపేది, అది పోయి ఉండాల్సిన చోటే దిగేది. పెళ్లి జాకెట్టు కోసం వచ్చిన హేమలత ఆ వెల్వెట్ చూసి తన జాకెట్టు మాటే మరిచిపోయింది.

"ఎవరిదక్కా ఇది? నాకూ ఇట్లాంటిదే కావల్ల."

"నువ్వు ఓడెక్కేదాకా ఆగు," అంది సాజిదా.

కుట్టు అయిపోయింది. ఇంతియాజ్ ఆళ్లగడ్డకు రంగు డబ్బాలు పంపుతూ ఆటోలో దాన్నీ పంపాడు. ఆ సాయంత్రం గౌసియా ఫోన్.

"ముట్టిందక్కా. మెడ లోపల నీ షాపు పట్టీ చూసినా. 'సాజిదా, నంద్యాల' అని ముద్దుగా ఉంది. ఓడలో ఎవరడిగినా ఆ పట్టీ తిప్పి చూపిస్తా. కోయిలకుంట్లోళ్లు, వెలుగోడోళ్లు, అందరికీ మా అక్క కుట్టిందని ముందే చెప్పి పెట్టినా."

సాజిదా చేతిలో ఫోన్ బరువెక్కింది.

ఏ బట్ట కుట్టినా మెడ లోపల పేరు పట్టీ వేయడం ఆమెకు అలవాటు. చేతులే వేసేస్తాయి, బుద్ధి దాకా రాదు. కోయిలకుంట్ల డీలరు భార్య, వెలుగోడు డీలరు భార్య ఆమె దగ్గర కుట్టించుకునేవాళ్లే. ఓడలో షామియానాను చూసి వాళ్లు నవ్వుతారు. షామియానాకు మాత్రం ఆమె పేరుంటుంది. ఇన్నేళ్లుగా నిలబెట్టుకున్న పేరు.

ఆ పూటే గౌసియా కొలతలకు ఒక పలచటి కాటన్ టాపు కత్తిరించి కుట్టేసింది. పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కింది. సిరివెళ్ల దాటే వరకూ చెప్పాల్సిన అబద్ధాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. రూబెన్ ఇప్పుడే చెప్పాడనాలి. ఓడల్లో పద్ధతులు మారాయట అనాలి. వెల్వెట్ వెనక్కి తెచ్చేసుకోవాలి. ఆళ్లగడ్డ మొదట్లో, రోడ్డు పక్కన సగం చెక్కిన రాతి విగ్రహాలు మొహాలు లేకుండా ఆమెకేసి చూశాయి.

గౌసియా ఇంటి తలుపు తీసే ఉంది. లోపల బీరువా అద్దం ముందు అమానుల్లా. మోకాళ్ల దాకా నిక్కరు, చిలకల బొమ్మల చొక్కా. నడుము మీద చెయ్యి వేసుకుని అటూ ఇటూ తిరిగి చూసుకుంటున్నాడు.

"రా వదినా. ఎట్లుండా? ఓడలో ఇదే ఫ్యాషనంట. రూబెన్ చెప్పినాడు."

సాజిదా గడప దగ్గరే నిలబడిపోయింది. "నువ్వు గ్రూపులోటివి వినవు గదప్పా?"

"నేను వినను. ఇది వింటాది," అని వంటింటి వైపు చూపించి, నిక్కరు సర్దుకుంటూ అతను బయటికి పోయాడు.

గౌసియా టీ గ్లాసులతో వచ్చింది. సాజిదా చంకలోని సంచీని, అందులోంచి తొంగిచూస్తున్న కాటన్ గుడ్డను చూసింది. కింద కూర్చుంది.

"ఆ మాట నేను ఎప్పుడో విన్యా. బావ ఫోన్‌కూ వచ్చింటాదని తెలుసు. నువ్వు విన్యావనీ తెలుసు. సముద్రం మీద చలి అన్యావు చూడు, అప్పుడు తెలిసింది."

సాజిదాకు చెవులు వేడెక్కాయి. "తెలిసీ కుట్టించినావా?"

"పోయినేడు కర్నూలు డీలర్ల మీటింగు యాదుందా? ఇంట్లో ఉన్న బంగారమంతా ఏసుకోనొచ్చినా. నువ్వు గంధం రంగు కాటన్‌లో వస్తివి. ఆడోళ్లంతా నీ చుట్టే మూగిరి. నాపక్క ఒక్కరన్నా తిరిగి చూసిరా? ఇంటికొచ్చి అన్నం తినలేదు నేను." గౌసియా టీ ఊదుకుంది. "ఓడలో అందరూ నిక్కర్లలో ఉంటారు. నేనొక్కదాన్నే వెల్వెట్‌లో ఉంటా. చూడక యాడికి పోతారు?"

"అదే చెప్పింటే కుట్టకపోదునా?"

"కుడ్తువు. పోయిన రంజాన్‌కు కుట్టినట్టు. చంకల కాడ పట్టేసి చెయ్యి పైకి లేవకపాయె. నామీద ప్రేమతో కుడితే నీ పని అట్లుంటాదక్కా. కుళ్లుతో కుడితే ఇట్లుంటాది."

గౌసియా లోపలికి పోయి తొడుక్కుని వచ్చింది. నడిస్తే అంచున పూసలు ఒకదాన్నొకటి తాకి సన్నగా మోగాయి. బొమ్మలా ఉంది. ఇంత అందం తన చేతిలోంచి పోయి ఆ ఒంటిమీద వాలినందుకు సాజిదా గుండెల్లో భగ్గుమంది. అంతలో ఆమె కంటికి ఎడమ భుజం చిక్కింది. నూలుపోగంత పైకి లేచింది. ఇంకెవరికీ కనపడదు. ఊరుకోవచ్చు.

"అటు తిరుగు," అంది సాజిదా, జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీస్తూ.

కుట్టు విప్పింది. దించింది. మళ్లీ కుట్టింది. చివర్లో సూది కొంచెం లోపలికి దిగింది.

"అబ్బా," అంది గౌసియా.

"కదలొద్దు," అంది సాజిదా.

బయల్దేరేటప్పుడు కాటన్ టాపును సంచీ అడుక్కి తోసుకోబోతే గౌసియా లాక్కుంది. "ఇది పగటిపూటకు పనికొస్తాది. ఉండనీ."

కెప్టెన్ విందు ఫోటో రూబెన్ గ్రూపులో పెట్టాడు. చిలకలు, పూలు, కొబ్బరిచెట్లు అచ్చేసిన చొక్కాల మధ్య తెల్ల యూనిఫారంలో కెప్టెన్. అతని పక్కన మెరూన్ వెల్వెట్‌లో గౌసియా. ఓడ మొత్తానికి పాతకాలం పద్ధతిలో తయారైనవాళ్లు ఆ ఇద్దరే. వెలుగోడు డీలరు భార్య నోరు తెరుచుకుని గౌసియా చేతి మీది జరీనే చూస్తోంది.

మాబూబీ ఫోన్‌ను కంటి దగ్గరికి తెచ్చుకుంది. "ఈ తెల్లగుడ్డలోడు ఇంకా ఉండాడే. మీ తాతను ఆపినాడు గానీ, మన పిల్లను ఆపలేకపాయె."

"పిల్లదేముందిలే అవ్వా. గుడ్డది," అంది సాజిదా.

ఫోన్ తీసుకుని ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసింది. కెప్టెన్ పోయాడు. చిలకలు పోయాయి. ఇంకా పైకి జరిపింది. గౌసియా మొహం పోయింది. మెడ నుంచి కిందికి వెల్వెట్ మాత్రం మిగిలింది, ఎడమ భుజం చదునుగా, గీత గీసినట్టు. అంతవరకే కత్తిరించి షాపు స్టేటస్‌లో పెట్టింది.

కోయిలకుంట్ల నుంచి, వెలుగోడు నుంచి ఇట్లాంటిదే కావాలని అడగడాలు మొదలయ్యాయి. అందరికంటే ముందు మాత్రం ఓడలోంచి గౌసియా మెసేజే వచ్చింది.

"నా మొహం యాడ పోయిందక్కా?"

సాజిదా తీరిగ్గా సూదిలోకి దారం ఎక్కించుకుంది. తర్వాత జవాబు కొట్టింది.

"నెట్టు సరిగ్గా లేదు గౌసియా. పైది రాలేదు."